ఎడమ చేతికి ప్రసాదం

తిరుపతి నుంచి నగరికి పోయే ఎర్రబస్సులో, పక్క సీటు పెద్దాయన లడ్డు చిదిపి అందరికీ పంచుతా ఉన్నాడు. నా వంతు వచ్చినప్పుడు నేను ఎడమ చెయ్యి సాపినాను.

"ప్రసాదం అప్పా! ఎడమ చెయ్యేంది?" అన్నాడు.

"కుడిది లేయడం లేదు పెద్దాయనా."

మగ్గం తాడు లాగి లాగి ఆ భుజం నెల రోజులుగా సలుపుతా ఉండాది. పెండ్లిండ్ల కాలం, చేతినిండా చీరల పని. అందుకే పెండ్లానికి కూడా చెప్పలేదు. ముక్కూ మొహం తెలియని మనిషికి మాత్రం చెప్పేసినాను.

ఆయన కోపమంతా దిగిపోయింది. "నేను రేణిగుంటలో మూటలు మోసినోణ్ణి. నా భుజం గూడా ముందు మెల్లగా చెప్పింది, తర్వాత గట్టిగా చెప్పింది. సోమరితనం అనుకోని ఇంకో మూట ఎత్తినాను. సూడు," అని కుడి చెయ్యి ఎత్తినాడు. అది రొమ్ము దగ్గరే ఆగిపోయింది. "సామికి మొక్కేటప్పుడు గూడా ఇంతే లేస్తాది."

ఆ చేత్తోనే లడ్డు ముక్క పట్టుకోని, "నోరు తెరువప్పా" అన్నాడు. చెయ్యి పైకి రాదు కదా, నేనే వంగి తిన్నాను.

ఆయన పుత్తూరులో దిగిపోయినాడు. ఇంటికి పోతూనే పెండ్లానికి చెప్పినాను. పదైదు దినాలు మగ్గం గుంతలో దిగలేదు. తర్వాత కూడా భుజం కాస్త పీకితే చాలు, చీర ఎంత అర్జంటైనా సరే, లేసి వాకిట్లో తిరిగొచ్చేవాణ్ణి.

ఆ యేడు కార్తీకంలో తిరుచానూరు పోయి, అమ్మోరి ముందర రెండు చేతులూ తలపైకి ఎత్తి మొక్కినాను.

"చేతులు దించప్పా, అమ్మ కనపడల్యా!" అని వెనకాల ఎవరో అరిచినారు.

అయినా కాసేపు దించలేదు.