ప్లాస్టింగ్ లేని పడమటి గోడ

మా ఇల్లు చూడ్డానికి వచ్చిన వాళ్లంతా ముందువైపు రంగు బాగుందనేవారు. పడమటి వైపు ఎవరికీ చూపించేవాళ్లం కాదు. అటువైపు గోడకు ప్లాస్టింగ్ లేదు, ఇటుకలు అలాగే బయటికి కనబడుతూ ఉండేవి. చూపిద్దామన్నా దారి లేదు. ఆ గోడను ఆనుకుని ఉన్న నాలుగడుగుల సందు పక్కింటాయనది.

తప్పు మాదే, ముందే ఒప్పుకుంటాను. నర్సీపట్నంలో మాకు దొరికిన స్థలం చిన్నది కాబట్టి అంగుళం వదలకుండా సరిగ్గా హద్దు మీద గోడ లేపాం. దానికి తోడు ఇంకో తెలివితక్కువ పని చేశాం. మూఢం వచ్చేస్తోంది, ఈ ముహూర్తం దాటితే చాలా రోజులు ఆగాలని పంతులుగారు అనేసరికి, ఇంటి లోపల, ముందువైపు హడావిడిగా ప్లాస్టింగ్ పూర్తి చేయించి పాలు పొంగించేశాం. పడమటి గోడ సంగతి తర్వాత చూసుకోవచ్చనుకున్నాం. ముహూర్తం కోసం సగం కట్టిన ఇంట్లో కాపురం పెట్టడం మా వాళ్లకు కొత్తేమీ కాదు.

గృహప్రవేశం భోజనాలకు పక్కింటాయన కూడా వచ్చారు. ఏదో ఆఫీసులో సూపరింటెండెంటుగా చేసి రిటైరయిన మనిషి. నేను ఆయన్ని బాబాయిగారూ అని పిలిచేదాన్ని. విస్తరి ముందు కూర్చుని, మాదేటి మీదేటి, ఎప్పుడు కావాలంటే అప్పుడు మేస్త్రిని మా సందులోకి దింపుకోండమ్మా అని ఆయనే అన్నారు. మరో రెండు గారెలు వేయించుకున్నారు కూడా.

ఆ వేసవిలో ఆయన వంటింటి కిటికీలోంచి గాలి ఆగిపోయింది. మా గోడ అడ్డొచ్చింది కదా మరి. ఆయన బాధలో న్యాయం లేదని నేననను. కానీ మేస్త్రిని పంపిన రోజున ఆయన సందు గేటుకు తాళం వేసి, లోపల నిలబడి, మీవాళ్లెవరూ నా జాగాలో కాలెట్టకూడదు అన్నారు. భోజనాల నాటి మాట గుర్తు చేస్తే, మాట కాగితం కాదు కదమ్మా అన్నారు.

వానలు మొదలయ్యాక అసలు కష్టం తెలిసింది. ఆ గోడకు ఇవతల ఉన్నది మా అమ్మాయి గది. తొమ్మిదేళ్ల పిల్ల, చిన్నప్పటి నుంచి ఆయాసం. ఇటుకలు నీళ్లు తాగి తాగి లోపలి గోడంతా చెమ్మ ఎక్కింది, మూలల్లో నల్లగా బూజు పట్టింది. మంచం హాల్లోకి మార్చినా వాసన ఇల్లంతా ఉండేది. ఆ ఒక్క వానాకాలంలో పిల్లను ఎన్నిసార్లు ఆసుపత్రికి మోశామో చెప్పలేను. మళ్లీ వానలొచ్చే లోపు ఆ గోడ సంగతి తేల్చండి, మందులతో ఇది తగ్గదు అని డాక్టరుగారు తేల్చి చెప్పేశారు.

కాళ్లకు బలపం కట్టుకుని తిరిగాను. వార్డు సచివాలయానికి వెళ్లాను, వీధిలో పెద్దమనుషుల దగ్గరికి వెళ్లాను. అందరూ ఒక్కటే మాట: సర్దుకుపోండి టీచరుగారూ. మా ఊళ్లో సర్దుకుపొమ్మని చెప్పేది ఎప్పుడూ అడగడానికి వచ్చిన వాళ్లకే. తాళం వేసుకుని కూర్చున్న మనిషికి ఆ మాట ఎవరూ చెప్పరు.

చివరికి పక్కింటాయనే ఒక కాగితం తయారుచేసి పంపారు. గోడ మందం తొమ్మిది అంగుళాలూ ఆయన స్థలంలోనే ఉందని మేము ఒప్పుకుంటున్నట్టు అందులో రాసి ఉంది. సంతకం పెడితే తాళం తీస్తారట. సర్వేయరు వచ్చి కొలిచి రాళ్లు పాతిన హద్దు అది. మా ఆయన రోజూ యలమంచిలి వెళ్లి ఉద్యోగం చేసుకొచ్చే నెమ్మదస్తుడు. పిల్ల కంటే గోడ ఎక్కువా అని పెన్ను తీశాడు. ఒళ్లు మండిపోయింది. ఇవాళ గోడ నీది కాదని రాసిస్తే రేపు ఆ గోడ తీసెయ్యమంటాడు, అప్పుడు పిల్లను ఎక్కడ పడుకోబెడతావు అన్నాను. కాగితం నాలుగు ముక్కలు చేశాను. మా ఆయన పెన్ను జేబులో పెట్టుకుని బయటికి వెళ్లిపోయాడు.

ఉపాయం చెప్పింది బలిఘట్టం నుంచి వచ్చిన మేస్త్రి. మేడ మీంచి తాళ్లు కట్టి, వాటికి పలక వేలాడదీసి, దాని మీద కూర్చుని పై నుంచి కిందికి ప్లాస్టింగ్ చేసుకుంటూ వస్తానన్నాడు. కాలు నేలకు తగలదు. కింద ఒక్క చుక్క సిమెంటు మాలు పడకుండా టార్పాలిన్ కూడా కట్టాడు. పక్కింటాయన మునగచెట్టు కింద కుర్చీ వేసుకుని రోజంతా మేస్త్రి కాళ్ల వంకే చూస్తూ కూర్చున్నారు. గాలి కూడా నాదే అన్నారు ఒకసారి. ఎక్కడో నిమ్మకాయంత సిమెంటు ముద్ద జారిపడితే, దాన్ని కాగితంలో పెట్టుకుని వచ్చి మా గుమ్మం ముందు పెట్టి వెళ్లారు. నాకు నవ్వూ వచ్చింది, కోపమూ వచ్చింది.

మూడో రోజు మధ్యాహ్నానికి పని ఆగిపోయింది. పలక ఇంకా దిగితే కాళ్లు నేలకు తగులుతాయి. అడుగున మూడడుగులు మిగిలిపోయింది. చెమ్మ ఎక్కేది ముఖ్యంగా అక్కడి నుంచే.

"నాను దిగనమ్మా," అన్నాడు మేస్త్రి. "కూలోణ్ణి. నన్ను టేషన్లో ఎట్టేస్తే ఎవుడొస్తాడు?"

అతని మాట నిజమే. పడమట మబ్బు పడుతోంది. పిల్ల హాల్లో కూర్చుని హోంవర్కు చేసుకుంటూ దగ్గుతోంది. నేను చీర కొంగు బిగించి, పెరట్లో స్టూలు వేసుకుని, ప్రహరీ ఎక్కి పక్కింటాయన సందులోకి దిగాను. మాలు బొచ్చె, తాపీ ఇటివ్వమని మేస్త్రిని అడిగాను.

పక్కింటాయన కుర్చీలోంచి లేచారు. "ఏటిది, టీచరై ఉండి ఇలాటి పనేటి?"

"మీ జాగాలో నిలబడ్డాను," అన్నాను. ఆ రోజు బాబాయిగారూ అనలేదు. "కేసు పెట్టుకోండి. మీరు వెళ్లి వచ్చేసరికి ఈ మూడడుగులూ అయిపోతాయి."

ఆయన నిజంగానే చెప్పులేసుకుని స్టేషనుకు వెళ్లారు. ఇరవై ఏళ్లుగా పిల్లలకు సాంఘిక శాస్త్రం చెబుతున్నదాన్ని, తాపీ పట్టడం అదే మొదలు. మేస్త్రి పైన పలక మీద వేలాడుతూ, ముందు నీళ్లు కొట్టండమ్మా, గట్టిగా ఇసరండి, ఇప్పుడు బద్దతో లాగండి అని చెబుతుంటే అలాగే చేశాను. సగం మాలు నా చీర మీదే పడింది. అరచేతులు బొబ్బలెక్కాయి. చివరికి మాత్రం ఒక్క ఇటుక కూడా బయటికి కనబడకుండా మూసేశాను. ఆ అడుగు భాగం ఎత్తుపల్లాలుగా ఉంటుంది, నాకు అదే ముద్దు.

సాయంత్రం స్టేషనుకు పిలిపించారు. మా ఆయన కూడా వచ్చి నా పక్కనే నిలబడ్డాడు. పక్కింటాయన జాగాలోకి వెళ్లారా అని హెడ్డు కానిస్టేబులు అడిగాడు. వెళ్లానన్నాను. అబద్ధం చెబుతాననుకున్నాడేమో, పెన్ను పట్టుకుని ఆగిపోయాడు. ఇక మీదట వెళ్లనని రాసిచ్చేయండి, ఇక్కడితో అయిపోతుంది అన్నాడు.

తెల్లకాగితం తీసుకుని రాశాను. నా గోడకు ప్లాస్టింగ్ చేయడానికి ఫలానా వారి జాగాలోకి వెళ్లాను, అక్కడ ఏమీ తీయలేదు, ఏమీ పాడుచేయలేదు. ఆ గోడకు ఇంకా రంగు వేయలేదు. వేసేటప్పుడు ముందుగా రోజు, టైము చెప్పి మళ్లీ వెళ్తాను. కింద సంతకం పెట్టాను. హెడ్డు రెండుసార్లు చదివి, పక్కింటాయన వైపు తిరిగి, "ఈవిడ మళ్లీ వస్తానంటన్నారండీ," అన్నాడు. మా ఆయన ఆ కాగితం అందుకుని, సాక్షి అని రాసి, నా సంతకం కింద తన సంతకం పెట్టాడు.

ఆ ఏడాది వానలు గట్టిగానే కురిశాయి. అమ్మాయి మంచం తిరిగి తన గదిలోకి వెళ్లింది. గోడకు చెవి ఆనించి, వాన అవతలే ఉందమ్మా అంది. ఏడుపొచ్చింది నాకు.

వానలు వెనకబట్టాక రంగు డబ్బా కొన్నాను. గుమ్మంలో నిలబడి, ఆదివారం ఉదయం తొమ్మిదింటికి వస్తానండీ అని పక్కింటాయనకు చెప్పాను. ఆయన తలుపు వేసుకున్నారు.

ఆదివారం తొమ్మిదింటికి వెళ్లాను.