హరివిల్లు కాలు దిగిన చోటు

ఆడదానికి క్రేన్ ఎందుకన్న మేస్త్రీల నోళ్లు మూయించి, మూడోసారి పరీక్షకు కూర్చుని కొంగమ్మ లైసెన్సు చేతబట్టింది. అదీ ఆమె మొదటి గెలుపు. సన్నగా పొడుగ్గా ఉందని ఆ పేరు పెట్టి ఏడిపించినవాళ్లే, ఆమె దించితే గాజుపలక కూడా కిక్కురుమనదని చెప్పుకునేవారు. ఈదురుగాలిలో వంతెన దూలాన్ని నిలబెట్టింది ఆమే. అంతటి పనిమంతురాలు ఆ చుట్టుపక్కల మరొకతె లేదు.

కింద నుంచి వాకీటాకీలో దారి చెప్పేది ఆమె మొగుడు. ఆ సాయంత్రం ఎండా వానా కలిసి వచ్చాయి. ఇనుప కడ్డీల కట్ట గాలిలో వేలాడుతోంది.

"అద్దం నిండా చినుకులే. ఎక్కడ దించను?"

"హరివిల్లు కనిపిస్తోందా?"

"కళ్లెదుటే ఉంది."

"దాని కుడికాలు దిగిన చోట దించు. అక్కడ పిట్ట కూడా లేదు."

"పెళ్లయిన ఇన్నాళ్లకి హరివిల్లు చూపించావు, సంతోషం!"

నవ్వుతూనే దించింది. అక్కడ టార్పాలిన్ చాటున వానకు తలదాచుకున్న వెల్డరు మళ్లీ లేవలేదు.

"హరివిల్లు కాలి దగ్గరే" అని విచారణలో ఇద్దరూ ఒకటే మాట. చోటు చూపమంటే మాత్రం చెరోవైపు చూపారు. మీలో ఒకరిది అబద్ధమన్నాడు అధికారి. మొగుడే తనను ఇరికిస్తున్నాడేమోనని కొంగమ్మకు అనుమానం.

ఒక పొద్దుటిపూట అతను పెరట్లో గొట్టంతో నీళ్లు చల్లుతున్నాడు. వీపున ఎండ, ఎదుట తుంపర, తుంపరలో రంగులు.

"దాని కాలెక్కడుంది?" అని మెట్ల మీంచి అడిగింది.

"బకెట్టు మీద."

ఆమెకది గోడవారన కనిపించింది. పై మెట్టెక్కి చూస్తే విల్లు కాస్తా దాదాపు చక్రమైంది.

"ఇలా వచ్చి చూడు."

అతను వచ్చాడు. అతని కంటికి రంగులూ వెంటే జరిగాయి. చినుకులో విరిగిన వెలుగు ఎవరి కంటికి వారి విల్లే కడుతుంది. దానికి నేల మీద కాలంటూ లేదు.

"అయితే నేనబద్ధం చెప్పలేదుగా!" అన్నాడతను.

"నేనూ చెప్పలేదు. మనిషి మాత్రం పోయాడు."

అతనికి పని పోయింది. కోర్టులో కొంగమ్మ హరివిల్లు ఊసే ఎత్తలేదు. "చోటు తెలియనప్పుడు ఆపాల్సింది నేను. క్రేన్ లీవరు నా చేతిలో ఉంది" అంది. వెల్డరు భార్య తలెత్తి చూడలేదు.

శిక్ష పడింది. జైలు నుంచి ఆమె ఇంటికి వచ్చేది వచ్చే ఆగస్టు ఇరవైన.