కనకాంబరం పక్కన తెల్లటి ఆకారం

మనవడు ఫోను కెమెరాను చొక్కాతో తుడుస్తుంటే నాకు ఉన్నట్టుండి ఆముదం వాసన వచ్చినట్టయింది.

మా అమ్మ ఒక్క ఫోటో అయినా దిగకుండానే పోయింది. కురుగోడులో మా ఇంట్లో, ఆమె ప్రాణం పోయిన చోట ఆముదం దీపం పెట్టారు. ఆమె డబ్బాలో పెంచుకున్న కనకాంబరం చెట్టును నాన్న ఆ దీపం పక్కనే పెట్టి, దాన్నైనా ఫోటో తీయమని స్టూడియో ఆయనను పిలిపించాడు.

"లోపల చీకటి ఉండాది, బయట పెట్టప్పా," అన్నాడాయన.

"ఆయమ్మ ఉండేది ఈడనే గదప్పా," అన్నాడు నాన్న.

ఎండను గదిలోకి మళ్లించడానికి ఆయన వాకిట్లో నిలువుటద్దం సర్దుతున్నాడు. ఆలోగా మా మేనత్త, దీపంలో నూనె పోసి చేతులు తుడుచుకున్న కొంగుతోనే, లెన్సు మీది దుమ్మును శ్రద్ధగా తుడిచింది. ఇంటికొచ్చినవాళ్లకు మర్యాద చేయడంలో ఆమెను మించినవాళ్లు లేరు.

తర్వాత వచ్చిన ఫోటోలో చెట్టు పక్కన మనిషెత్తు తెల్లటి ఆకారం ఉంది. అమ్మేననుకుని నేను ఆ గదిలోకి వెళ్లడం మానేశాను. బతికుండగా ఆమె తిట్లకు భయపడేవాణ్ణి. ఇప్పుడు ఆమె ఏమీ అనకపోవడం ఇంకా భయంగా ఉండేది.

"లెన్సుకు నూనె అంటి వెలుతురు చెదిరిందప్పా. తుడిచి తెచ్చినాను, మళ్లా తీస్తా," అన్నాడు స్టూడియో ఆయన.

నాన్న ఫోటోను చాలాసేపు చూశాడు. "వద్దప్పా. ఈసారి ఆయమ్మ రాకుంటే?"

నూనె సంగతి నాన్నకు అర్థం కాలేదని చాలా ఏళ్లు అనుకున్నాను. అర్థమైంది కాబట్టే వద్దన్నాడు.