బోనెక్కిన శౌరమ్మ

విజయవాడ కోర్టు వరండాలో బెంచీ మీద కూర్చున్న శౌరమ్మకి పొద్దుటి నుంచీ మంచినీళ్లు కూడా దిగలేదు. పక్కనే మేనల్లుడు జాన్‌బాబు. తల్లి పురిట్లోనే పోతే, తన పెళ్లి మాట పక్కనపెట్టి శౌరమ్మే పెంచిన తమ్ముడి కొడుకు. ఇవాళ ఆమె చెప్పే మాటను బట్టే వాడు జైలుకి వెళ్తాడో ఇంటికి వస్తాడో తేలుతుంది.

కిందటి వేసవిలో బందరు కాలవ గట్టు మీద జాన్‌బాబు ట్రక్కు ఆటో, సైకిల్ మీద పొలం వెళ్తున్న వెంకటసుబ్బారావుని గుద్దేసింది. ఆయన అక్కడికక్కడే పోయాడు. రేవులో దుప్పట్లు ఉతుకుతున్న శౌరమ్మ కళ్లారా చూసింది. జాన్‌బాబు తల వంచుకుని ఫోన్లో ఏదో నొక్కుతున్నాడు. పోలీసులకి అదే చెప్పింది. అప్పటి నుంచీ వాడు ఇంట్లో తింటున్నాడు గానీ, ఆమె వడ్డిస్తే తినడం లేదు.

"అత్తా, సైకిలే అడ్డమొచ్చిందని చెప్పు. ఒక్క ముక్క. గుడి పెద్దలు కూడా పర్వాలేదన్నారుగా!"

"పర్వాలేదనడానికి వాళ్లెవర్రా? అబద్ధ సాక్ష్యం పలకరాదన్న ఆజ్ఞ ఇచ్చింది వాళ్లా?"

"మొదలెట్టావా! నేనేమన్నా నీ సత్ప్రసాదం క్లాసు పిల్లాణ్ణా?"

ఒకప్పుడు వాడూ ఆ క్లాసులో కూర్చున్నవాడే. గుడిలో ఫాదరుగారి చేతి నుంచి మొదటిసారి సత్ప్రసాదం అప్పం అందుకోబోయే ఊరి పిల్లల్ని తయారుచేసే పని ఏళ్ల తరబడి శౌరమ్మదే. పగలంతా మిషను కుట్టి, సాయంత్రం పది ఆజ్ఞలూ వల్లె వేయించేది. ఫాదరుగారు పెట్టిన రూలైతే కొత్త ఫాదరుగారు వచ్చి మార్చుకోవచ్చు, ఇవి సర్వేశ్వరుడు చెప్పినవి, సడలించే హక్కు మనుషులకి లేదు అనేది. అప్పట్లో ఆ మాట అనడం తేలిగ్గానే ఉండేది.

జాన్‌బాబు గొంతు తగ్గించాడు. "వకీలుగార్ని అడిగానత్తా. లోపల బైబిలు ఉండదంట. ఊరికే దేవుడి సాక్షిగా అనిపిస్తారంతే. బైబిలు ముట్టుకోకుండా అన్న మాట నీకేం అంటుతుంది?"

వాళ్ల ఊళ్లో తగువులొస్తే గుడిలో పీఠం ముందు నిలబెట్టి, బైబిలు మీద చెయ్యి వేయించి అడుగుతారు. చెయ్యి వెయ్యని మాటని ఎవరూ పట్టించుకోరు. అందుకే శౌరమ్మ గుండె ఒక్కసారిగా తేలికపడింది. హమ్మయ్య అనుకుంది. అలా అనుకున్నందుకు మరుక్షణమే సిలువ గుర్తు వేసుకుంది.

ఎదురుగా మెట్ల మీద చనిపోయినాయన భార్య కనకలక్ష్మి. ఆమె ఇటువైపు చూడనే లేదు.

లోపల్నుంచి పిలుపు వచ్చింది. బల్ల మీద కాగితాల కట్టలే ఉన్నాయి, బైబిలు నిజంగానే లేదు. ప్రమాణం చేస్తున్నంతసేపూ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక బోను చెక్కని పట్టుకుంది.

"డ్రైవరు ఏం చేస్తున్నాడమ్మా అప్పుడు?" ప్రభుత్వ వకీలు అడిగాడు.

జాన్‌బాబు రెప్ప వెయ్యకుండా ఆమె పెదవులకేసే చూస్తున్నాడు. పుస్తకం లేదు సరే, ఆ ఆజ్ఞలు చెప్పినవాడు లేకుండా పోయాడా?

"చెప్పండమ్మా," అన్నారు జడ్జిగారు.

"ఫోను చూసుకుంటున్నాడండీ. రోడ్డు చూళ్లేదు."

జాన్‌బాబు తరఫు వకీలు విసురుగా లేచాడు. "మీ మేనల్లుడంటే మీకు మొదట్నుంచీ పడదు కదండీ శౌరమ్మగారూ? ఆ కక్షతోనే చెబుతున్నారు. అవునా, కాదా?"

"నేను పెంచానండీ వాణ్ణి," అంది శౌరమ్మ.