తప్పంతా చెక్కదే

పాలిష్ పెద్దమ్మ లెక్క ప్రకారం, లోకంలో ఏ మనిషీ ఏ బల్లకూ ఏ కుర్చీకీ ఎన్నడూ హాని చేయలేదు. జరిగిన తప్పంతా చెక్కదే.

గీతలు పడ్డ బల్ల, పెచ్చులూడిన బీరువా, మరకలు పట్టిన మంచం ఎవరింట్లో ఉన్నా ఆవిడకే కబురు వెళ్ళేది. మెత్తటి గుడ్డపీలికలు, మైనం కడ్డీలు, రంగుపొడుల డబ్బాలు, లక్కపాలిష్ సీసా, పిల్లి మీసమంత సన్నని కుంచెలు ఒక రేకు పెట్టెలో సర్దుకుని వచ్చేది. వచ్చీ రాగానే పెట్టె తెరిచేది కాదు. ముందు నడుం మీద చేతులు పెట్టుకుని ఆ సామానును చడామడా తిట్టేది.

"సిగ్గుండాలి! ఇంత వయసొచ్చింది, వేడి గిన్నె వస్తుంటే పక్కకు తప్పుకోవడం తెలీదూ?"

బల్ల బదులు చెప్పేది కాదు.

"చూశారా, మాట్లాడ్డానికి మొహం చెల్లడం లేదు" అని ఇంటివాళ్ళకు చూపించేది.

ఒక ఇంట్లో రాతబల్ల మీద ఇస్త్రీపెట్టె ఆకారంలో, మొనతో సహా, అచ్చు గుద్దినట్టు నల్లటి మచ్చ ఉంది. ఇంటాయన వెనకాల నిలబడి చెమటలు కక్కుతున్నాడు. భార్య ఆయనవైపే చూస్తోంది. పెద్దమ్మ వంగి, మచ్చను వేలితో తడిమి తేల్చేసింది.

"ఇది పుట్టుమచ్చండీ."

"పుట్టుమచ్చా? నిన్నటిదాకా లేదే!" అంది భార్య.

"చెట్టుగా ఉన్నప్పటినుంచీ లోపల ఉంది. నిన్న బయటపడింది. కొన్ని చెక్కలు ఇలాగే గుట్టు దాస్తాయి."

మరో ఇంట్లో కుక్క కుర్చీ కాలు సగం నమిలేసింది. పళ్ళగాట్లు లెక్కపెట్టుకోవచ్చు. "కుక్కను ఏమీ అనకండి, నోరు మూసుకుందామనుకుంటే ఈ కాలే మధ్యలో దూరింది" అంది పెద్దమ్మ. కుక్క తోక ఊపింది. దానికి ఆ వాదన నచ్చినట్టుంది.

ఈ వరస చూసి గుడ్లు తేలేసిన మనిషి ఒక్కతే, పెద్దమ్మ చెల్లెలి కూతురు. పదేళ్ళు రంగుల దుకాణంలో పనిచేసి, ఏ రంగులో ఏది ఎన్ని చుక్కలు కలపాలో కంటిచూపుతో చెప్పగల నేర్పు సంపాదించి, పెద్దమ్మతో కలిసి పనిచేయడానికి వచ్చింది. ఉన్నదున్నట్టు చెప్పకపోతే ఆమెకు అన్నం సహించదు. అందుకని పెద్దమ్మ ఆమెను 'లాయరమ్మా' అని పిలిచేది.

"పెద్దమ్మా, ఆయన ఇస్త్రీపెట్టె మరిచిపోయాడని మనకు తెలుసు. అబద్ధం ఎందుకు?"

"నువ్వు పక్కనుండి చూశావా?"

"చూడక్కర్లేదు. మచ్చే చెబుతోంది."

"దాని మాటలు నమ్మకు. అదసలే దొంగ చెక్క."

ఏదో ఒకరోజు పెద్దమ్మ నోటివెంట ఒక్క నిజమైనా పలికించి తీరాలని లాయరమ్మ పట్టుబట్టి కూర్చుంది. ఆ రోజు పెద్ద టీచరుగారి ఇంట్లో రానే వచ్చింది.

పెద్ద టీచరుగారంటే ముప్పై అయిదేళ్ళు బడి నడిపి, కిటికీ అద్దం పగిలితే సాయంత్రం గంట కొట్టేలోగా పగలగొట్టినవాడిని పట్టుకున్న మనిషి. పదవి దిగిన రోజున బడివాళ్ళు ఇచ్చిన టేకుబల్ల వీధి గుమ్మం పక్కనే వేసుకుంది. ఇప్పుడు దాని కుడి మూల నిండా సన్నగీతలు, వాటి మధ్య గోరు పట్టేంత లోతున ఒక గాడి.

"బాగుచేయడం తర్వాత. ముందు ఇది ఎవరి పనో తేల్చండి. మీకు అనుభవం ఉంది కదా" అంది టీచరుగారు.

వంటగది గుమ్మంలో వంటావిడ కళ్ళొత్తుకుంటూ నిలబడి ఉంది. తొమ్మిదేళ్ళుగా ఆ ఇంట్లో వంట ఆవిడదే.

"ఆ బల్ల మీద తుడిచే గుడ్డ తప్ప నేనేమీ పెట్టలేదమ్మా."

"గుడ్డతో గాడి పడుతుందా? చేసిన తప్పు ఒప్పుకుంటే వదిలేసేదాన్ని. అబద్ధమాడే మనిషి నా ఇంట్లో వద్దు. ఇవాళ తేలకపోతే రేపటినుంచి రానక్కర్లేదు."

పెద్దమ్మ అలవాటు ప్రకారం నడుం మీద చేతులు పెట్టుకుంది గానీ, ఎందుకో తిట్లు లంకించుకోలేదు. బల్లను స్పిరిట్ గుడ్డతో తుడిచి, గాడి ఒక్కటీ వదిలి చుట్టూ పాత కాగితం పరిచి, మోకాళ్ళ మీద కూర్చుంది. లాయరమ్మ మూడు గోధుమరంగు మైనాలు కరిగించి కలుపుతూ, వెలుతురు పడేలా తల వంచి గాడిలోకి చూసింది. అడుగున పసుప్పచ్చగా ఏదో మెరిసింది. సూదితో గీకితే పొడిలా రాలింది. ఇత్తడి.

అప్పుడే ఎవరో పిలిస్తే టీచరుగారు వీధి గేటు దాకా వెళ్ళింది. తాళం తీసి, మాట్లాడి, మళ్ళీ తాళం వేసి వచ్చింది. వస్తూనే, ఆ వైపు చూడనైనా చూడకుండా, చారెడు ఇత్తడి తాళంచెవుల గుత్తిని బల్ల కుడి మూలకు విసిరి, ఎడమచేత్తో అంచుదాకా లాగింది. జర్రుమని కాగితం చిరిగింది.

లాయరమ్మ పెద్దమ్మవైపు చూసింది. పెద్దమ్మ మైనంవైపు చూసింది.

"ఊఁ, తేలిందా?" అంది టీచరుగారు.

"తేలిందండీ. తప్పంతా చెక్కదే."

"పరాచికాలొద్దు. బల్ల తనంతట తాను గీసుకుంటుందా?"

"గీసుకోదండీ. గీయించుకుంటుంది."

"అంటే?"

"పుట్టుకతోనే ఈ మూల మెత్తన. బడిలో కొందరు పిల్లలుండేవారు కాదూ, ఎవరూ కొట్టకుండానే దెబ్బలు తగిలించుకుని వచ్చేవాళ్ళు? అలాంటిది."

"నేనలాంటి కబుర్లు ముప్పై అయిదేళ్ళు విన్నానమ్మా. నాకు నిజం కావాలి. అది చెప్పేదాకా మిమ్మల్ని కదలనివ్వను."

"నేనూ కదలనండీ. పూత ఆరాలిగా."

ఇద్దరూ ఇద్దరే. ఒకావిడ కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది. ఇంకో ఆవిడ గాడిలో మైనం నింపి, పైకి తేలినది గీకేసి, పిల్లి మీసం కుంచెతో చెక్క చారలను ఒక్కొక్కటే కలుపుతోంది. వంటావిడ ముక్కు చీదిన చప్పుడు వినబడింది. లాయరమ్మ ఇక ఉండబట్టలేకపోయింది.

"ఆ గాడిలో ఇత్తడి ఉంది పెద్దమ్మా!"

ఇంట్లో గిన్నెలన్నీ స్టీలువి. టీచరుగారి చూపు మెల్లగా కదిలి, చిరిగిన కాగితం మీద ఆగి, అక్కడినుంచి తాళాల గుత్తి మీదికి, అక్కడినుంచి తన ఎడమచేతి మీదికి వెళ్ళింది. బడిలో ఎందరి ముఖాల్లోనో ఆవిడ చూసిన రంగే ఇప్పుడు ఆవిడ ముఖంలోకి వచ్చింది.

పెద్దమ్మ ఛటుక్కున లేచింది. నడుం మీద చేతులు పెట్టింది.

"ఉంటుంది మరి! దీని సంగతి నాకు తెలీదా? దీనికి ఇత్తడంటే పిచ్చి! దారిన పోయే ఇత్తడిని పిలిచి మరీ మీదేసుకుంటుంది! ఓసి దిక్కుమాలినదానా, మర్యాదగల ఇంట్లో ఉండి ఇవేం బుద్ధులే? ఇంత ఆశేమిటే నీకు?"

వంటావిడ కొంగు నోట్లో కుక్కుకుంది. ఈసారి ఏడుపు ఆపుకోవడానికి కాదు.

టీచరుగారు తాళాల గుత్తి తీసి ఒళ్ళో దాచుకుంది. "ఈ పిచ్చికి మందేమిటి?" అని అడిగింది.

"గోడకు ఓ కొక్కెం కొట్టించండి. ఇత్తడి కంటబడకుండా ఉంటే అదే దారికొస్తుంది."

టీచరుగారు తల ఊపి, లేచి వంటగదిలోకి నడిచింది.

పెద్దమ్మ గుడ్డ ఉండ చేసి లక్కపాలిష్‌లో ముంచి, మూల మీద గుండ్రంగా తిప్పడం మొదలుపెట్టింది. లాయరమ్మ దగ్గరకు జరిగింది.

"ఆవిడకు తెలిసిపోయిందిగా పెద్దమ్మా. ఇంకా ఈ నాటకం దేనికి?"

"తెలిసిందిగా, చాలదూ? పేరు పెట్టి పిలవాలా? మనం సాయంత్రానికి పెట్టె సర్దుకుని పోతాం. ఆ ఇద్దరూ రేపు మళ్ళీ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోవాలి."

లాయరమ్మకు ఆ ఇస్త్రీపెట్టె ఇంటాయన వీధి చివరిదాకా వచ్చి, రేకు పెట్టె మోసుకొచ్చి ఇచ్చి, ఒక్క ముక్కయినా మాట్లాడకుండా దణ్ణం పెట్టి వెళ్ళడం గుర్తొచ్చింది. ఆవేళ ఆయనకు మతిపోయిందనుకుంది.

అంతలో వంటగదిలోంచి టీచరుగారి గొంతు వినబడింది. ముప్పై అయిదేళ్ళలో ఎవరికీ క్షమాపణ చెప్పిన అలవాటు లేని గొంతు. తడబడుతోంది.

"అది కాదే... ఆ బల్లకు బొత్తిగా బుద్ధి లేదు. నిన్ను అనవసరంగా ఏడిపించింది."

"పోనీలెండమ్మా, దాన్నేమీ అనకండి" అంది వంటావిడ. "మనసు మంచిదే. పాపం, వయసైపోయింది."