పక్క కుర్చీ

దయ్యాల మాట ఎవరైనా ఎత్తితే నవ్వేసి లేచిపోయే రకం నేను. మీటరుకు అందనిది లేనట్టే అనుకునేవాణ్ణి. నా ఇబ్బందల్లా, ఆ రోజు చూపించింది మీటరే కావడం.

బెంగళూరులో ఒక ఆస్పత్రిలో స్కానింగ్ మందులు తయారు చేయడం నా పని. కొన్ని కణితుల మీద రిసెప్టర్లనే ప్రత్యేకమైన ప్రోటీన్లుంటాయి. వాటికే అతుక్కునే మందుకు కొద్దిగా రేడియోధార్మికత జోడిస్తాం. మందు వెళ్లి పట్టుకున్న చోటు స్కాన్‌లో వెలుగుతుంది. ఇంచుమించు గంటకోసారి దాని బలం సగానికి పడిపోతుంది. మర్నాటికి ఏమీ మిగలదు.

అలాంటి కొత్త మందు ఒకటి చాలాకాలం కష్టపడి తయారు చేశాం. ఆ ఉదయం మొదటి ఇంజెక్షన్ ఓబులమ్మకు ఇచ్చాం. కదిరి నుంచి వచ్చి హొసకోటెలో టిఫిన్ హోటల్ నడుపుకునే మనిషి. కడుపులో కణితి. కాలేయానికి పాకి ఉంటే ఆపరేషన్ చేయలేమని డాక్టర్లు ముందే చెప్పారు.

ఇంజెక్షన్ తీసుకున్నవాళ్ల ఒంట్లోంచి కిరణాలు వస్తాయి కాబట్టి, స్కాన్ దాకా ఒక గదిలో ఒంటరిగా కూర్చోబెడతాం. కెమెరాలో చూస్తే ఓబులమ్మ పక్క కుర్చీవైపు తిరిగి మాట్లాడుతోంది. మధ్యమధ్య తలూపుతోంది. ఆ కుర్చీ ఖాళీ. భయంతో తనలో తనే మాట్లాడుకుంటోంది అనుకున్నాను.

స్కాన్‌కు పిలిస్తే గుమ్మం దగ్గర ఆగింది.

"ఆయప్ప నాకంటే ముందునుంచీ కూర్చోనుండాడప్పా. ఎప్పుడు పంపిస్తారో ఎవరూ చెప్పలేదంట. ఒక మాట చెప్పి పంపీ."

"ఎవరమ్మా?"

ఆమె పక్క కుర్చీ చూపించి స్కాన్ గదిలోకి వెళ్లింది.

రోగి వెళ్లాక గదిని రేడియేషన్ మీటరుతో తనిఖీ చేయడం మామూలే. ఆమె కుర్చీ దగ్గర ఏమీ లేదు. పక్క కుర్చీ దగ్గర మాత్రం, ఇంజెక్షన్ తీసుకున్న మనిషి ఎదురుగా కూర్చున్నట్టు రీడింగ్ లేచింది. సహోద్యోగి మంజునాథ్ ఇంకో మీటరు తెచ్చాడు. అదే రీడింగ్. మందు ఒలికిందేమోనని కుర్చీని దూదితో తుడిచి పరీక్షించాం. దూదికి ఏమీ అంటలేదు. సీటు దగ్గర కంటే, కూర్చున్న మనిషి ఛాతీ ఉండే ఎత్తులో ఎక్కువ చూపిస్తోంది.

"గోడవతల ఏమన్నా ఉండాదేమో చూసొస్తా సార్" అని మంజునాథ్ వెళ్లాడు. అక్కడ ఉన్నవి దుప్పట్లేనని తర్వాత చెప్పాడు.

గదిలో నేనొక్కణ్ణే మిగిలాను. సిగ్గుగానే ఉన్నా, చిన్నగా అన్నాను: "మీ స్కాన్ అయిపోయిందండీ. ఇంక ఇంటికి వెళ్లొచ్చు."

కాసేపు ఏమీ కాలేదు. తర్వాత కుర్చీ దగ్గర రీడింగ్ పడిపోయింది. మీటరు తలుపువైపు తిప్పాను. రీడింగ్ నా పక్కన ఒక్కసారి లేచి, గుమ్మం దాకా సాగి, మాయమైంది.

రెండు మీటర్లనూ పరీక్షకు పంపితే ఏ లోపమూ లేదని వచ్చింది. కెమెరా రికార్డింగులో ఓబులమ్మ తప్ప ఎవరూ లేరు.

ఆమె కణితి పాకలేదు. ఆపరేషన్ చేసి తీసేశారు. మళ్లీ చూపించుకోవడానికి వచ్చినప్పుడు నన్ను గుర్తుపట్టి, "ఆయప్ప పోయినాడా?" అని అడిగింది.

"పోయినాడమ్మా" అన్నాను.