నీలం మూతి కూత

ఆ రోజుల్లో మా శింగనమల పక్క పల్లెల్లో జ్వరం వస్తే ఊరికే పోయేది కాదు, వచ్చినందుకు గుర్తుగా పెదవి చివర నాలుగు నీటి పొక్కులు పెట్టి మరీ పోయేది. అంత మాత్రానికి ఆసుపత్రికి పోతే ఊరంతా నవ్వేది. మందుల శెట్టి అంగడిలో బెల్లం పక్కన సీసాలుండేవి. ఆయన చేతికి ఏది అందితే అదే మన రోగానికి మందు. నాకు పద్దెనిమిదేళ్లప్పుడు, పక్కూరితో చెడుగుడు పందెం మూడు రోజులుందనగా ఆ పొక్కులు లేచాయి. ముందు ఏడాది పందెంలో మొదటి కూతకే అవతలి జట్టులోని ఉడుము నా నడుము పట్టి కూలదోశాడు (ఆ పట్టు వల్లనే వాడికా పేరు). ఏడాది పొడుగునా ఊళ్లో ఆ ఎగతాళి మోశాను. ఈసారీ దొరికిపోతే ఇక తలెత్తుకోలేను. జట్టు పెద్ద మా చిన్నాయన నా మూతి చూసి, "గుడుగుడు అనేకి నోరు తిరుగుతాదేమప్పా? కూత తెగిందంటే మళ్లా నిన్ను ఆడించేది లేదు" అన్నాడు.

శెట్టి మొదట వెలిగారం తేనెలో రంగరించి ఇచ్చాడు (అది పెదవి మీద నిలవలేదు; ఆ తప్పు నా నాలుకది). మర్నాడు పటిక పొడి అద్దితే, ఎక్కడో ఉన్న గుత్తి కోట కళ్ల ముందుకొచ్చి గిర్రున తిరిగింది. పందెం పొద్దున ఇక లాభం లేదని నీలం మందులో దూది ముంచి మూతంతా పూసేశాడు. నొప్పి తగ్గింది. అద్దంలో చూసుకుంటే ముక్కు కింది నుంచి గడ్డం దాకా నేరేడు పండు.

కూతకు పోయాను. అవతలి ఏడుగురిలో ఒకడు, "ఒరేయ్, వాని మూతి సూడండ్రా. అంటుకుంటాదేమో, పట్టుకోవద్దండి" అన్నాడు. నేనొక అడుగు వేస్తే వాళ్లు రెండడుగులు వెనక్కి. వెళ్లిన ప్రతిసారీ ఒకణ్ణి ముట్టి తాపీగా తిరిగొచ్చాను. చివరికి ఉడుము ఒక్కడే మిగిలాడు. వాడు తెగించి వెనకనుంచి నా నడుము పట్టాడు. అదే పట్టు. గీత రెండు జానల దూరంలో ఉంది. నేను కూత ఆపకుండా మెల్లగా మెడ తిప్పి, నీలం మూతి వాడి మూతికి దగ్గరగా పెట్టి గుడుగుడు అన్నాను. ఆ పట్టు దానంతటదే ఊడింది. గీత ముట్టాను. చిన్నాయన నన్ను భుజాన ఎత్తుకున్నాడు, మొహం మాత్రం అటు తిప్పుకుని.

పోయిన నెల మళ్లీ ఆ పొక్కులే లేస్తే, అనంతపురంలో మందుల షాపు కుర్రాడు చిన్న తెల్ల ట్యూబు ఇచ్చాడు. నీలం మందు లేదా అని అడిగితే, "అది పూసుకుంటే నలుగుర్లో యెట్ల తిరుగుతావన్నా?" అని నవ్వాడు. ఏడుగురి నడుమ తిరిగొచ్చినవాణ్ణి నేను; చెప్పబోతే పెదవి చురుక్కుమంది. వాడు అటు తిరగ్గానే నాలోనేను ఓ కూత కూసి చూశాను. షాపు మెట్లు మూడూ దిగకముందే తెగింది.